కొత్త పాటల ప్లేయర్: పెట్టె తెరిచిన రోజు తెలియనివి

కొత్త ప్లేయర్ పెట్టె తెరిచిన మొదటి పది నిమిషాల్లో కలిగే అభిప్రాయం దాదాపు ఎప్పుడూ మంచిదే. తయారుచేసినవాళ్లు ఎక్కువ కష్టపడేది ఆ పది నిమిషాల కోసమే. అరచేతిలో ఇమిడే లోహపు ఒళ్లు, మెరిసే తెర, మీట నొక్కగానే దద్దరిల్లే బేస్, ముందే వేసి ఉంచిన రెండు మూడు నమూనా పాటలు, అన్నీ ఆ ఘడియకు ముస్తాబు చేసినవే. సొంత మెమరీ కార్డు అందులో పెట్టాకే అసలు పరీక్ష మొదలవుతుంది. గోదావరి డెల్టా ఇళ్లలో ఆ కార్డులో ఏముంటుందో ఒకసారి చూస్తే, ఈ పరికరాల గురించి సాధారణంగా జరిగే చర్చ ఎంత పక్కదారిన నడుస్తోందో తెలుస్తుంది.

ఆ కార్డులో సినిమా పాటలు ఉంటాయి, నిజమే. కానీ జాగాలో సగానికి పైగా ఆక్రమించేవి వేరే: గంటకు తక్కువ కాని ప్రవచనాలు, అధ్యాయాలవారీగా గీత, విష్ణుసహస్రనామం, ఎప్పుడో క్యాసెట్టు మీద పట్టి తర్వాత కంప్యూటర్‌లోకి మార్పించుకున్న పద్య నాటకాలు, హరికథలు. కొన్ని కొడుకో కూతురో సెలవులకు వచ్చినప్పుడు వేసిచ్చినవి, కొన్ని ఊరి సెల్ షాపులో డబ్బులిచ్చి ఎక్కించుకున్నవి. ఇవన్నీ పొడవైన రికార్డింగులు, భాగాలుగా తెగినవి, తెలుగు పేర్లున్నవి. ఇలాంటి కార్డుకు ప్లేయర్ చేయాల్సిన పనుల్లో సౌండు నాలుగో స్థానంలో ఉంటుంది. భాగాలను వరసగా పలికించడం, ఆపిన చోటును గుర్తుంచుకోవడం, తెలుగు పేరును తెలుగులా చూపించడం దానికంటే ముందు వస్తాయి. ధర పట్టికలో గాని, అట్టపెట్టె మీద గాని ఈ మూడింటి ఊసు ఉండదు.

ఫోను చేతిలో ఉండగా ఇంకో యంత్రం ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. 1979 జులై 1న జపాన్‌లో సోనీ వాక్‌మన్ అమ్మకానికి వచ్చినప్పుడు ఈ ప్రశ్నకు తావే లేదు. 1998లో కొరియా సంస్థ సేహాన్ తెచ్చిన ఎంపీమ్యాన్, అదే ఏడాది వచ్చిన రియో పీఎంపీ300 క్యాసెట్టు స్థానంలో చిప్పును పెట్టాయి. రియోలో ఉన్న జాగా 32 ఎంబీ. 128 కేబీపీఎస్ బిట్ రేటు (సెకను ధ్వనికి వాడే డేటా) ఉన్న ఎంపీ3 అయితే దాదాపు అరగంట పాటలు పడతాయి. 2001 అక్టోబరు 23న యాపిల్ 5 జీబీ హార్డ్ డిస్కుతో ఐపాడ్‌ను ప్రకటించి, జేబులో వెయ్యి పాటలు అంది. 2022 మేలో ఐపాడ్ కథ ముగిసిందంటే కారణం ఫోనే. అయితే మధ్యలో, 2017లో, మన దేశంలో ఒక విచిత్రం జరిగింది. సరిగమ సంస్థ పాత రేడియోలా కనిపించే కారవాన్‌ను 5,000 పాటలు ముందే నింపి అమ్మింది. అది కొన్న ఇళ్లలో ఫోన్లు లేక కాదు. వెతికే పని లేకుండా, మధ్యలో ఎవరో ఫోన్ చేసే బెడద లేకుండా, మీట తిప్పితే పాట రావడం చాలామందికి కావలసి వచ్చింది. చిన్న ప్లేయర్‌కు ఈనాటికీ మిగిలిన గిరాకీ అక్కడి నుంచి వచ్చిందే.

డెల్టాలో ఆ గిరాకీకి స్థానిక కారణాలూ ఉన్నాయి. భీమవరం, నర్సాపురం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద రాత్రి కాపలా ఉండే మనిషి ఫోను చార్జింగును పాటలకు ఖర్చుపెట్టలేడు. ఏదైనా తేడా వస్తే యజమానికి కబురు చేయాల్సింది ఆ ఫోనుతోనే. చూపు మందగించిన పెద్దలకు జారిపోయే తెర కంటే వేలికి తగిలే మీట నయం. సంగీతం నేర్చుకునే పిల్లలకు గురువు పాడి ఇచ్చిన వర్ణం వినిపించాలి, కానీ ఫోను చేతికివ్వడం తల్లిదండ్రులకు ఇష్టం ఉండదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ పుట్టిన శంకరగుప్తం ఈ డెల్టా పల్లే కాబట్టి, ఈ చివరి అవసరాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. ఇక లంక గ్రామాల సంగతి. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు కోనసీమ లంకలు నీటి మధ్య చిక్కుకున్నాయి. వరద రోజుల్లో కరెంటు పోతుంది, సెల్ టవర్ నోరు మూస్తుంది. నెట్ మీద ఆధారపడని పాట, ఎఫ్ఎం రేడియో ఉన్న ప్లేయర్ అప్పుడు ఆటవస్తువు కాదు. చాలా ప్లేయర్లలో ఎఫ్ఎంకు ఇయర్‌ఫోన్ తీగే ఏరియల్‌గా పనిచేస్తుంది కనుక, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు మాత్రమే ఉన్నవారికి రేడియో అందదన్నది ముందే తెలుసుకోవడం మంచిది.

ఇప్పుడు మొదటి పని, వరస. గీతలో 18 అధ్యాయాలు. వాటిని 1 నుంచి 18 వరకు అంకెలు వేసి కార్డులో పెట్టారనుకుందాం. చాలా చవక ప్లేయర్లు అంకెను అంకెగా కాక అక్షరంగా చదువుతాయి. మొదటి అక్షరం ఒకటే అయిన వాటిని ఒకచోట చేర్చుతాయి గనుక, ఒకటో అధ్యాయం తర్వాత పదోది, తర్వాత పదకొండు, అలా పద్దెనిమిది దాకా వెళ్లి, అప్పుడు రెండో అధ్యాయానికి వస్తాయి. అర్జున విషాదం ముగిసీ ముగియగానే విభూతి యోగం మొదలవుతుంది. సాంఖ్య యోగం కోసం తొమ్మిది అధ్యాయాలు ఆగాలి. ఈ జబ్బుకు మందు తేలికే: 1 బదులు 01, 2 బదులు 02 అని పేరు పెట్టాలి. భాగాలు నూరు దాటితే 001. సెల్ షాపులో ఎక్కించేవాళ్లు ఇది చేయరు. అడిగి చేయించుకోవాలి.

ఇంకో రకం ప్లేయర్లు పేరును అసలు పట్టించుకోవు. కార్డు మీద ఫైళ్ల జాబితా ఏ వరసలో రాసి ఉందో ఆ వరసలోనే పలికిస్తాయి. అంటే ముందు ఎక్కించింది ముందు, తర్వాత ఎక్కించింది తర్వాత. పైకి బాగానే ఉంటుంది. కానీ మధ్యలో ఒక ఫైలును తీసేసి కొత్తది వేస్తే, కొత్తది జాబితా చివరికి వెళ్లకుండా, పాతది ఖాళీ చేసిన గడిలో కూర్చోవచ్చు. అలా నాలుగైదు సార్లు మార్చాక ఏ భాగం తర్వాత ఏది వస్తుందో దేవుడికే తెలియాలి. కార్డును ఫార్మాట్ చేసి, అన్నింటినీ మళ్లీ వరసగా ఎక్కించడం ఒక్కటే దారి. ప్లేయర్ పాడైందని షాపుకు తిరిగి తెచ్చేవాటిలో కొన్నింటి అసలు రోగం ఇదే కావచ్చు.

రెండోది, ఆపిన చోటు. మూడు నిమిషాల పాటకు ఇది అక్కర్లేదు. మళ్లీ మొదటి నుంచి వింటే పోయేదేమీ లేదు. గంటంపావు ప్రవచనంలో యాభయ్యో నిమిషం దగ్గర నిద్ర ముంచుకొచ్చి ఆపేసిన మనిషికి మాత్రం ఇదే ప్రాణం. ప్లేయర్లు ఇందులో మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి. కొన్నింటికి ఏమీ గుర్తుండదు. కొన్నింటికి ఆఖరున విన్న ఫైలు మాత్రం గుర్తుంటుంది, నిమిషం గుర్తుండదు. నిజంగా పనికొచ్చేవి కొన్ని మాత్రమే; అవి నిమిషం, సెకనుతో సహా అక్కడి నుంచే అందుకుంటాయి. వాటిలోనూ ఒక మెలిక ఉంది. మధ్యలో వేరే పాట విని తిరిగి ప్రవచనానికి వస్తే కొన్ని యంత్రాలు గుర్తును పోగొట్టుకుంటాయి, ఎందుకంటే వాటికి ఒకే ఒక్క గుర్తు పెట్టుకునే జాగా ఉంటుంది. అందుకే షాపులోనే ఒక పొడవైన ఫైలు పెట్టి, మధ్య దాకా జరిపి, వేరే పాట విని, ప్లేయర్‌ను ఆపి, మళ్లీ వెలిగించి చూడటం వంద పాటలు వినిపించుకోవడం కంటే ఎక్కువ చెబుతుంది. అదే సమయంలో ముందుకు జరిపే మీటను నొక్కి పట్టుకుంటే ఎంత వేగంగా జరుగుతుందో కూడా గమనించాలి. పదిరెట్ల వేగంతో మాత్రమే జరిగే యంత్రంలో గంట రికార్డింగు చివరికి చేరడానికి ఆరు నిమిషాలు మీట నొక్కి ఉంచాలి. ఏ బొటనవేలైనా అంతసేపు ఓపిక పట్టదు.

ఈ రికార్డింగులకు జాగా సమస్య కాదు. మాట మాత్రమే ఉన్న ప్రవచనాన్ని 64 కేబీపీఎస్ మోనోలో (రెండు చెవులకూ ఒకే ధ్వని) దాచితే గంటకు 29 ఎంబీ కూడా కాదు; 32 జీబీ కార్డులో వెయ్యి గంటలకు పైనే పడుతుంది. అంతకు మించిన కార్డు కొనమని చెప్పేవాళ్లు తమ లాభమే చూసుకుంటున్నారు.

మూడోది, తెలుగు అక్షరం. తెలుగు పేరున్న ఫైలును తెర మీద చూస్తే మూడు గతుల్లో ఒకటి పడుతుంది. ఫాంటు లేకపోతే వరసగా డబ్బాలు కనిపిస్తాయి. ఫాంటు ఉండి, అక్షరాలను కలిపే ప్రోగ్రాము లేకపోతే ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడతాయి. కంప్యూటర్ దృష్టిలో ‘శ్రీ’ ఒక అక్షరం కాదు. శకారం, పొల్లు, రకారం, ఈకారపు గుడిదీర్ఘం అనే నాలుగు సంకేతాల వరస. వాటిని ఒకదాని కింద ఒకటి అమర్చి ఒకే రూపంగా గీయడం వేరే పని. చిన్న ప్లేయర్లలో చాలావాటికి ఆ పని రాదు. అంతటినీ సరిగ్గా గీసేవి మూడో రకం. ఆండ్రాయిడ్ మీద నడిచే ప్లేయర్లు సాధారణంగా ఈ కోవలోవే, వాటి ధరా అలాగే ఉంటుంది.

ఫైలు పేరు కాక, ఎంపీ3 లోపల దాగి ఉండే పేరుది ఇంకో తమాషా. పాత పద్ధతి ట్యాగులో పాట పేరుకు 30 బైట్లే జాగా. తెలుగును యూటీఎఫ్-8లో (కంప్యూటర్లు అక్షరాలను దాచే పద్ధతి) రాస్తే ఒక్కో సంకేతానికి మూడు బైట్లు పడుతుంది. అంటే పది సంకేతాలు. ‘విష్ణుసహస్రనామం’ అందులో కుక్కితే ‘విష్ణుసహస్’ దగ్గర తెగిపోతుంది. పేర్లు తెగి కనిపిస్తే తప్పు ప్లేయర్‌దేనని అనుకోవడానికి లేదు. ట్యాగును కొత్త పద్ధతిలో మళ్లీ రాసుకుంటే సరిపోవచ్చు. ఆ ఓపిక లేనివారు ఇంగ్లిషు అక్షరాల్లో పేర్లు పెట్టుకుంటున్నారు. ఆ సర్దుబాటుకు వారిని తప్పుపట్టలేం. పదేళ్లకు పైగా ఫోన్లు తెలుగును చక్కగా చూపిస్తుంటే, కొత్తగా అచ్చయిన పెట్టెలో వచ్చిన ప్లేయర్ ఇంకా డబ్బాలు చూపించడం మాత్రం తయారీదారుల నిర్లక్ష్యమే.

ఇక సౌండు. తొలి అభిప్రాయం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే, దానికి శాస్త్రమే కారణం. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1933లో ప్రచురించిన ప్రయోగాల ప్రకారం, శబ్దం స్థాయి తక్కువగా ఉన్నప్పుడు మన చెవి మంద్ర ధ్వనులను సరిగా పట్టుకోలేదు. స్థాయి పెరిగే కొద్దీ అవి నిండుగా వినిపిస్తాయి. అందువల్ల రెండు ప్లేయర్లను పక్కపక్కన పెట్టి వింటే, కొంచెం బిగ్గరగా పలికేది మంచిదనిపిస్తుంది. అమ్మేవాళ్లకు ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు. బేస్ పెంచి, వాల్యూమ్ పైకి పెట్టి ఇస్తారు. ఈక్వలైజర్ (బేస్ వంటివాటిని పెంచి తగ్గించే సదుపాయం) తీసేసి, రెండింటి వాల్యూమూ చెవికి సమానంగా తెచ్చుకుని వింటే చాలా తేడాలు కరిగిపోతాయి.

కరగకుండా మిగిలే తేడాను పట్టివ్వడానికి తంబురా శ్రుతి చాలు. ఆలాపన మధ్య గాయకుడు ఊపిరి తీసుకునే చోట తంబురా ఒక్కటే ఉంటుంది. ఆ క్షణంలో వెనక సన్నని సుయ్‌మనే చప్పుడు వినిపిస్తే అది ప్లేయర్ లోపలిది. 16 ఓమ్‌ల సున్నితమైన ఇయర్‌ఫోన్లతో మరింత బయటపడుతుంది. తంబురా నాదం నీళ్లలో మునిగినట్లు అలలుగా వినిపిస్తే తప్పు ప్లేయర్‌ది కాదు, ఫైలు సైజును మరీ కుదించేశారు. మృదంగం దెబ్బ పడటానికి కాస్త ముందే మసక చప్పుడు వినిపించినా అదే కారణం. ఎంపీ3లో బిట్ రేటు తగ్గిస్తే మొదట దెబ్బతినేది ఇలాంటి పదునైన శబ్దాలే. ఇంకొకటి, వాల్యూమ్ మెట్లు. రాత్రి నిశ్శబ్దంలో ఒకటో మెట్టే చెవికి ఎక్కువగా ఉండే ప్లేయర్లు ఉన్నాయి. పగలు షాపులో, రోడ్డు రొదలో, ఈ లోపం ఎవరికీ తట్టదు.

సీడీని మించిన నాణ్యత అని చెప్పే ‘హై-రెస్’ అన్న బంగారు రంగు ముద్ర గురించి ఒక మాట చాలు. సీడీలోని 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ల ధ్వని మనిషి చెవి అందుకోగల హద్దులకు సరిపడా ఉంటుంది. పాత పద్య నాటకం ఉన్న మామూలు క్యాసెట్టు ఆ హద్దుల దాకా కూడా రాదు. దాన్ని 96 కిలోహెర్ట్జ్‌లో దాచితే టేపు బుసను మరింత శ్రద్ధగా భద్రపరచినట్లే.

అదే డబ్బు పెట్టే చోట మోనో సదుపాయం ఉందో లేదో అడగడం తెలివైన పని. చెరువు గట్టు మీది కాపలా మనిషి రెండు చెవులూ మూసుకోకూడదు. చెరువులో ఆక్సిజన్ అతి తక్కువగా ఉండేది తెల్లవారుజామున. కరెంటు పోయి, నీటికి గాలి అందించే ఏరియేటర్ల చప్పుడు ఆగిపోతే, ఆ సంగతి వెంటనే చెవిన పడాలి. జనరేటర్ వేయడం ఆలస్యమైతే రొయ్య తేలిపోతుంది, పంట పోతుంది. అందుకని ఒక్క చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటారు. పాత స్టీరియో పాటల్లో కొన్నింటిలో గొంతు ఒకవైపు, వాద్యాలు ఒకవైపు ఉంటాయి. క్యాసెట్టు నుంచి మార్చినవాటిలో ఒకవైపే ధ్వని ఉన్నవీ దొరుకుతాయి. రెండు వైపులనూ కలిపి ఇచ్చే మోనో మీట లేకపోతే ఆ చెవికి సగం పాటే అందుతుంది. సెట్టింగుల్లో ఎక్కడో అడుగున ఉండే ఈ చిన్న సదుపాయం కొన్ని ప్లేయర్లలో ఉంటుంది, చాలావాటిలో ఉండదు.

చెవి ఆరోగ్యం మాటకొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించే హద్దు వారానికి 80 డెసిబెల్స్ వద్ద 40 గంటలు. 90కి పెరిగితే 4 గంటలే. నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద రేవు దాటేవాళ్లు ఇంజను రొద మీద పాట వినిపించాలని వాల్యూమ్ పెంచుతారు, ఒడ్డుకు చేరాక తగ్గించడం మరచిపోతారు. చెవి రంధ్రంలో బిగుతుగా కూర్చునే రబ్బరు కొనల ఇయర్‌ఫోన్లు బయటి రొదను ఆపుతాయి కనుక తక్కువ వాల్యూమ్‌తోనే పని జరుగుతుంది. చెరువు గట్టు మీద అవే ప్రమాదం. ఒకే మనిషికి రెండు రకాల ఇయర్‌ఫోన్లు అవసరం కావడం ఇక్కడ విలాసం కాదు.

పెట్టె తెరిచిన రోజు అసలు కనిపించని శత్రువు తేమ. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రం నుంచి ఉప్పుగాలి వీస్తుంది. వానాకాలంలో ఇంట్లో అగ్గిపుల్ల కూడా వెలగనంత చెమ్మ. ఇప్పుడు అన్నింటికీ వస్తున్న సీ టైప్ చార్జింగ్ రంధ్రంలో 24 సన్నని పిన్నులు దగ్గర దగ్గరగా ఉంటాయి. చెమట చేత్తో పట్టుకున్న ప్లేయర్‌ను అలాగే చార్జింగ్‌కు పెడితే, ఉప్పు తడి మీదుగా కరెంటు పారి పిన్నుల మీద పచ్చని చిలుము పడుతుంది. కొన్నాళ్లకు తీగను వంకరగా పట్టుకుంటే తప్ప చార్జింగ్ ఎక్కదు. ఐపీ67 అని రాసి ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుందని అర్థం. ఆ పరీక్ష మంచినీటిలో చేసింది, రొయ్యల చెరువు ఉప్పునీటిలో కాదు. తడిసిన వెంటనే మంచినీటితో తుడిచి, పూర్తిగా ఆరాకే చార్జర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

బ్యాటరీకి తేమ కంటే వేడి చేటు. లిథియం అయాన్ సెల్లును 45 డిగ్రీల పైన చార్జ్ చేయకూడదని తయారీదారులే చెబుతారు. రోహిణి కార్తె ఎండలో బండి సీటు కింద పెట్టెలో పడేసిన ప్లేయర్ ఆ హద్దు తేలిగ్గా దాటుతుంది. నిండా చార్జ్ అయి వేడిలో ఉండిపోయిన సెల్లు లోపల వాయువు పుట్టి ఉబ్బుతుంది. వెనక మూత కాస్త లేచినట్లు కనిపిస్తే వాడకం అక్కడే ఆపాలి.

కార్డు విషయంలో కూడా తొందరపడకూడదు. 32 జీబీ కార్డుకు 256 అని పేరు పెట్టి అమ్మే నకిలీలు సంతలోనూ నెట్‌లోనూ దొరుకుతాయి. కంప్యూటర్ కూడా 256 అనే చూపిస్తుంది. అసలు జాగా నిండాక ఎక్కించినవి మాత్రం పాత వాటి మీద పడతాయి, లేదా పేరు మాత్రమే కనిపించి పలకవు. కార్డును పూర్తిగా నింపి, మొదట ఎక్కించిన ఫైళ్లనూ, చివరన ఎక్కించిన ఫైళ్లనూ విని చూస్తే గుట్టు బయటపడుతుంది. బిల్లు ఉండగానే, తిరిగిచ్చే గడువు లోపలే ఈ పని ముగించాలి.

మరమ్మతు గురించి కొనేటప్పుడు ఎవరూ అడగరు, కానీ అడగాల్సింది అప్పుడే. వెనక మూత మరలతో బిగించారా, జిగురుతో అంటించారా అన్నది చూస్తే మూడేళ్ల తర్వాతి సంగతి తెలిసిపోతుంది. మరలు ఉంటే అమలాపురంలోనో పాలకొల్లులోనో సెల్ షాపు కుర్రవాడు విప్పి బ్యాటరీ మార్చగలడు. ఈ బల్లపరుపు సెల్లుల మీద సాధారణంగా ఆరంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. 503040 అని ఉంటే మందం 5 మిల్లీమీటర్లు, వెడల్పు 30, పొడవు 40. ఆ కొలతలే ఉన్న, అవే 3.7 వోల్టుల సెల్లు ఏ కంపెనీదైనా అందులో కూర్చుంటుంది. కొనేటప్పుడు తీగల దగ్గర పసుపు టేపు కింద చిన్న రక్షణ బోర్డు ఉందో లేదో చూడాలి. బోర్డు లేని సెల్లు చవగ్గా ఇస్తామంటారు, దాన్ని తీసుకోకూడదు.